అన్నం డబ్బాలో కట్టుడు పళ్ళు

మానేస్తోందా? ఎవరూ, నేనా?

నేను పనిచేసే చోటికొచ్చి, మా డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని, నేను పక్కగదిలో మీకోసమే పళ్ళ అచ్చు తీసే ట్రేలు కడుగుతుంటే... "మా కోడలు వచ్చే నెల నుంచి రాదమ్మా, ఇంకెవరినైనా చూసుకోండి" అని చెప్పేశారా! ఎంత తేలిగ్గా అనేశారు అత్తయ్యా. రేపట్నుంచి పాలు వద్దని పాలవాడికి చెప్పినట్టు!

ఊఁహూఁ, మాట్లాడకండి. ట్రే పెట్టాక మాట్లాడకూడదు. ముద్ద గట్టిపడేదాకా పెదవి కదిలినా అచ్చు చెడిపోతుంది. ముక్కుతో గాలి పీల్చండి. తల కాస్త ముందుకి. అలా. ఉమ్మి కారితే కారనివ్వండి, ఈ గుడ్డ కట్టింది అందుకే. ఈ కుర్చీలో ఎంత పెద్దమనిషికైనా చొంగ కారాల్సిందే.

నొప్పైతే ఎడమ చెయ్యి ఎత్తండి. ఇక్కడ పద్ధతి అది.

ఏంటి, నొప్పా? కాదా? మరైతే దించండి. చెయ్యి నొప్పికే. జవాబులకి కాదు.

డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి ఏమందో తెలుసా? "నిజమేనా? కొత్త క్లినిక్‌లో పళ్ళు కట్టే గది మొత్తం నీ చేతిలో పెడదామనుకున్నానే! ఇవాళ నీ మాట చెప్తానన్నావు. మీ అత్తగారేమో ఇలా అంటున్నారు" అంది. పాపం, ఆవిడ మొహంలో కోపం కూడా లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. ఇంట్లోవాళ్ళ సంగతి తేల్చుకోలేని పిల్లని చూసినట్టు చూసింది నన్ను.

"ఆవిడ అచ్చు తీసి, బయటికొచ్చి చెప్తాను మేడం" అన్నాను.

అదీ సంగతి. ఆ తలుపు అవతల ఆవిడ నాకోసం కూర్చునుంది. ఈ గది దాటగానే ఔనో కాదో చెప్పాలి నేను. కాదంటే ఆ గదికి వేరేవాళ్ళని చూసుకుంటుంది, ఇంక ఇక్కడ కూడా నేను ఉన్నా లేనట్టే. నేను పోయే మనిషినని మీరు ముద్ర కొట్టేశారు కదా.

నిజం చెప్పనా? మీరన్నందుకు కాదు నా బాధ. మీరు నా పెళ్ళైన దగ్గర్నుంచీ అంటూనే ఉన్నారు. "తిరిగి ఆడది చెడింది, తిరక్క మగాడు చెడ్డాడు" అని. నేనెక్కడ తిరుగుతున్నానండీ? ఈ ఒక్క కుర్చీ చుట్టూ తిరుగుతున్నాను! ఊరంతా తిరిగేది మీ అబ్బాయి. ఏ మేడలో లిఫ్టు ఆగిపోతే ఆ మేడకి.

కాదు, నాకు గుచ్చుకుంది ఇంకో మాట. "మా అబ్బాయి కూడా అదే అన్నాడు" అన్నారట.

అన్నాడా? తనే, నోరు తెరిచి?

అయ్యో, తలూపకండి! అచ్చు!

సరే, పై వరస అయిపోయింది. తీస్తున్నాను, కొంచెం చప్పుడొస్తుంది, భయపడకండి. ఆఁ... వచ్చేసింది. ఇదిగో నీళ్ళు. పుక్కిలించండి. ఇక్కడ ఊసేయండి.

ఏమన్నారూ? ఏంటీ, మళ్ళీ అనండి?

"మొగుడికి అన్నం డబ్బాలో పళ్ళు పెట్టి పంపిన ఆడదానివి."

వచ్చింది! ఇంకా రాలేదేంటా అని చూస్తున్నాను. చుట్టాలందరికీ చేరిపోయిందిగా ఆ కథ. మొన్న మీ ఆడపడుచుగారు ఫోన్ చేసి, "ఏమ్మా, ఇవాళ మా వాడికి క్యారేజీలో ఏం పెట్టావు, నాలుకా?" అంది. నవ్వాను. ఏం చేస్తాను?

పోనీ, ఆ కథ సరిగ్గా చెప్పుకుందాం ఇవాళ. తొందరేం లేదు, ఇంకా కింద అచ్చు ఉంది కదా. నోరు తెరవండి. ఇంకా. నాలుక పైకి. ఆఁ, అంతే. అలా ఉండండి.

ఆ వారం ఇక్కడ పని ఎక్కువైంది. ఒక రిటైరైన హెడ్మాస్టరుగారి పళ్ళు. మర్నాడు ఎవరిదో పెళ్ళిట, ఫోటోలో నవ్వాలిట ఆయన. మెరుగు పెట్టడం మిగిలిపోతే ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లో ఒకేలాంటి స్టీలు డబ్బాలు రెండున్నాయి, మీరు కొనిపెట్టినవే. ఒకదాంట్లో తడి దూది వేసి పళ్ళు పెట్టి, మూత పెట్టి వంటింటి గట్టు మీద ఉంచాను. అక్కడ పెట్టడం నా బుద్ధితక్కువే అనుకోండి.

పొద్దున నేను స్నానం చేసొచ్చేసరికి డబ్బాలు సంచుల్లోకి వెళ్ళిపోయాయి. ఎవరి సంచి వాళ్ళు తగిలించుకున్నాం, వెళ్ళిపోయాం.

మధ్యాహ్నం ఏమైందో మీకు సగమే తెలుసు. ఏదో మేడ పైకప్పు మీద, లిఫ్టు గది నీడలో, తోటి మెకానిక్కులందరితో కూర్చుని మీ అబ్బాయి డబ్బా తీశాడు. పళ్ళు. తెల్లగా, నిగనిగలాడుతూ, మీ అబ్బాయిని చూసి నవ్వుతున్నాయి. పక్కనున్నవాడు "మీ ఆవిడ నిన్ను బాగా నమలమని పంపిందిరా" అన్నాడట.

రెండో సగం ఇక్కడ జరిగింది. హెడ్మాస్టరుగారు ఇదే కుర్చీలో, మీరున్నట్టే, నోరు తెరుచుకుని కూర్చున్నారు. నేను గ్లౌజులు వేసుకుని, దీక్షగా, డబ్బా మూత తీశాను. బంగాళాదుంప కూర, అన్నం! డాక్టరమ్మ డబ్బాలోకి చూసింది, నన్ను చూసింది. నాకు భూమి బద్దలైపోతే బాగుండుననిపించింది. ఆ పెద్దాయన లేచి కూర్చుని, "నాకు పళ్ళే లేవమ్మా, కూర ఏం చేసుకోను?" అన్నారు. తర్వాత వేలితో నొక్కి చూసి, "మెత్తగానే ఉందే" అని తినేశారు కూడా. మీ అబ్బాయి బండి మీద పళ్ళు తెచ్చేలోపు డబ్బా ఖాళీ!

నవ్వొస్తోందా? వద్దు వద్దు, నవ్వకండి, అచ్చు పక్కకి జరిగిపోతుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి ఇద్దరం ఎంత నవ్వామో! వంటింట్లో నేలమీద కూలబడి, కడుపు పట్టుకుని. ఒకళ్ళు ఆపితే ఇంకొకళ్ళు మొదలుపెట్టడం. పెళ్ళయ్యాక మేం అంతలా నవ్వింది అదే మొదలు. కింద వాటావాళ్ళు తలుపు కొట్టి అంతా బాగానే ఉందా అని అడిగారు.

మర్నాడు అదే కథ మీకు ఫోన్లో చెప్పాడు మీ అబ్బాయి. నవ్వుతూనే చెప్పాడు. కానీ చివర్లో ఒక ముక్క కలిపాడు చూడండి, "తనే పొరపాటున పెట్టిందమ్మా" అని. అక్కడ తిరిగిపోయింది కథ. నవ్వు మాది, నింద నాది.

ఆ డబ్బాలు ఎవరు సర్దారో తెలుసా అత్తయ్యా?

నేను స్నానంలో ఉన్నానన్నాను కదా. ఇంట్లో ఉండేదే ఇద్దరం.

ఆఁ. మీ అబ్బాయే. కూర వండిందీ తనే. అన్నం వార్చిందీ తనే. రోజూ అంతే. నాకు వంట రాదు. వచ్చిందనుకున్నాను, పెళ్ళైన కొత్తలో తెలిసింది రాదని. తనకి భలే వచ్చు. లిఫ్టు మోటారు చప్పుడు విని ఏ బోల్టు వదులైందో చెప్పినట్టు, పోపు చప్పుడు విని ఉప్పు పడిందో లేదో చెప్పేస్తాడు.

చెయ్యి దించండి.

మీరు దిగిన రోజున తిని "చూశావా, ఒక్కపూట ఇంటి పట్టునుంటే ఎంత కమ్మగా వండావో" అని నన్ను మెచ్చుకున్న కూర గుర్తుందా? నేను తలొంచుకుని సిగ్గుపడ్డాను, గుర్తుందా? మీ అబ్బాయి కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతున్నాడు. ఆ పేపరు ముందురోజుది! మీరు బస్సు దిగారని ఫోను రాగానే నా చేతికి గరిటె ఇచ్చి, నడుముకి కట్టుకున్న తువ్వాలు విప్పి మంచం కిందకి విసిరి, చేతికి దొరికిన పేపరు పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాతి రోజు నుంచీ తింటున్నవి మాత్రం నేను వండినవి. అందుకే మీరు సగం వదిలేస్తున్నారు. "పని మీద ధ్యాస, వంట మీద లేదు" అని విసుక్కుంటున్నారు. ధ్యాస బాగానే ఉందండీ. చెయ్యే లేదు. మీకోసమని చీకట్లో లేచి ఈ నాటకం ఆడుతున్నాను, తిట్లు తింటున్నాను, మాడిన అన్నమూ తింటున్నాను. నాటకంలో నాకిచ్చిన వేషం బాగాలేదు, ఇంక నావల్ల కాదు.

ఒక్క క్షణం. ఫోను మోగుతోంది.

చూడండి, నూరేళ్ళాయుష్షు. మీ అబ్బాయే! చేతులకి ముద్ద అంటుకుంది, స్పీకర్లో పెడుతున్నాను.

హలో... ఆఁ, నేనే. లేదు, ఇంకా అవ్వలేదు, కింద అచ్చు తీస్తున్నాను... ఆఁ, బాగానే ఉంది... ఏం కూర తేవాలా? నువ్వే చూడు. అమ్మకి రెండ్రోజులు మెత్తటివే పెట్టాలి... ఏంటీ? నువ్వు వండేసి, నేనే వండానని చెప్పాలా మళ్ళీ?... ఆఁ ఆఁ, అమ్మ బాధపడుతుంది, తెలుసు... అది సరే గానీ, నువ్వు అమ్మతో నేను పని మానేస్తానన్నావా?... మాట దాటెయ్యకు. అన్నావా లేదా?... "ఏదోలే, ఊరుకుంటుందని సరేలే అన్నాను." అంతేనా?... అయితే నీకేం కావాలి? మానెయ్యాలా, వద్దా?... నా ఇష్టం అంటే? నా ఇష్టం నాకు తెలుసు, నీ ఇష్టం అడుగుతున్నాను... ఇప్పుడు మాట్లాడలేనంటే ఎలా? ఇప్పుడే కావాలి నాకు... ఇదిగో, ఒక్క మాట, నువ్వు స్పీకర్లో ఉన్నావు. అమ్మ ఇక్కడే ఉంది. వింటోంది.

హలో?

హలో?

విన్నారా? "లిఫ్టులో ఉన్నాను, సిగ్నల్ లేదు" అట. కట్ చేసేశాడు.

మీ అబ్బాయితో వచ్చిన చిక్కే ఇది అత్తయ్యా! ఊళ్ళో అందరినీ పైకీ కిందకీ పంపిస్తాడు, తను మాత్రం రెండంతస్తుల మధ్య ఆగిపోతాడు. మీ దగ్గర సరేలే. నా దగ్గర సరేలే. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అందులో నేను కప్పనో పామునో ఇవాళ్టిదాకా తేలలేదు.

ఆఁ, "నువ్వు" అన్నాను. ఎప్పుడూ నువ్వే అంటాను. మీ ముందు మాత్రం మీరు, ఏమండీ, వస్తున్నానండీ. మీ బస్సు వెళ్ళిపోగానే నువ్వు. అదీ చెప్పేస్తున్నాను, పడుంటుంది.

అయిపోయింది, తీస్తాను. ఆఁ... పుక్కిలించండి.

ఏమన్నారు? నెమ్మదిగా చెప్పండి, పెదవులు బిగుసుకుపోయి ఉంటాయి.

"వాడిచేత వంట చేయించి నువ్వు ఊరివాళ్ళ నోళ్ళు కడుగుతావా?"

కడుగుతాను. ఇప్పుడు మీది కడుగుతున్నాను కదా!

ఇంకా? ఆఁ... "మేం సంసారాలు చెయ్యలేదా, పళ్ళు బిగబట్టి అన్నీ పడలేదా, మాకు లేనిది మీకెందుకు?"

అలాగా.

ఉండండి, దిగకండి. సంచి అక్కడ పెట్టండి. ఈ పై అచ్చు వెలుగులో చూస్తున్నాను... ఇక్కడ బుడగ వచ్చింది. ఇలా ఉంటే పళ్ళు సరిగ్గా కూర్చోవు, చిగురు ఒరుసుకుపోతుంది. మళ్ళీ పెట్టాలి. తప్పదు. నోరు తెరవండి.

ఆఁ. అలా. ముక్కుతో గాలి.

ఇప్పుడు మీరు పళ్ళు బిగబట్టిన సంగతి మాట్లాడుకుందాం.

ఇదిగో, ఇది మీ కింది వరస అచ్చు. ఇటు చూడండి, తల కదపకుండా కళ్ళతో చూడండి. మీకు మిగిలిన ముందు పళ్ళు ఎలా ఉన్నాయో చూశారా? రంపంతో కోసినట్టు, అన్నీ ఒకే ఎత్తున, బల్లపరుపుగా. అన్నం నమిలితే ఇలా అరగవు. నమిలేది వెనక పళ్ళతో. ఇవి నిద్రలో కొరికితే అరిగినవి. ఒక ఏడాదో రెండేళ్ళో కాదు. ఏళ్ళ తరబడి. వెనకవి ఊడిపోవడానికి కూడా సగం కారణం అదే అయుంటుంది.

ఎవరి మీద కోపమో, ఏ మాట మింగేసి పడుకున్నారో, నాకు తెలీదు. అడగను. మీ మాటలు మీవి.

కానీ ఆ చప్పుడు నాకు తెలుసు. ఎలా అంటారా?

పెళ్ళైన మొదటి ఏడాది నేను ఇంట్లోనే ఉన్నాను కదా. మీరు చెప్పినట్టే. బుద్ధిగా. పొద్దున తన వెనకాల తలుపు వేసుకుంటే, సాయంత్రం తను తీసేదాకా ఆ తలుపుతో నాకు పనుండేది కాదు. తుడిచిన గదే తుడిచేదాన్ని. గోడలకి నోరుంటే నన్ను నోరుముయ్యమనేవి! సాయంత్రం తను రాగానే పట్టుకునేదాన్ని. ఎవరు కలిశారు, ఏమన్నారు, ఏం తిన్నావు, ఇంత ఆలస్యమేంటి, ఎందుకలా ఉన్నావు, నాతో మాట్లాడవేంటి. పోలీసులు కూడా అలా అడగరు.

ఒకరోజు కిటికీలోంచి చూస్తే బండి కిందనే ఉంది. మనిషి పైకి రాడు. తలుపుకున్న కంతలోంచి చూశాను. మెట్ల మీద కూర్చునున్నాడు మీ అబ్బాయి. మన తలుపుకి నాలుగు మెట్ల కింద. ఫోను చూడట్లేదు, ఏమీ చెయ్యట్లేదు. ఊరికే గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇంట్లోకి రావడానికి ఓపిక తెచ్చుకుంటున్నాడు, పాపం. నేను ఏడవలేదు. తలుపూ తియ్యలేదు. వెనక్కొచ్చి మంచం మీద కూర్చుని, తను బెల్లు కొట్టాక అప్పుడే చూసినట్టు నవ్వాను.

ఆ రోజుల్లోనే అన్నాడు, "నువ్వు నిద్రలో పళ్ళు కొరుకుతున్నావు, ఆ చప్పుడుకి నాకు మెలకువ వచ్చేస్తోంది" అని. నేను నమ్మలేదు. మీరూ ఇప్పుడు నమ్మట్లేదు కదా? ఎవరి చప్పుడు వాళ్ళకి వినబడదు.

పెళ్ళికి ముందే నేను నేర్చుకున్న పని ఇది. చేతిలో పెట్టుకుని ఊరుకున్నాను. ఆ మెట్ల సంగతి చూశాకే వచ్చి ఇక్కడ చేరాను. మీరు అలిగి మాట్లాడటం మానేశారు చూడండి, అప్పుడు.

చేరాక కొన్నాళ్ళకి, టీ తాగుతూ, "ఏంటే, ఈమధ్య కొరకట్లేదు?" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేదో పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోయాడు. నేను మాత్రం గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను. నిజమే! దవడ నొప్పి లేదు. నేనే గమనించలేదు.

అయితే అంతా స్వర్గమని చెప్పను అత్తయ్యా. అబద్ధం ఎందుకు? ఇద్దరం అలిసిపోయి వచ్చి, బ్రెడ్డు ముక్కలు నిలబడే తిని, గుడ్నైట్ కూడా చెప్పుకోకుండా పడిపోయిన రోజులున్నాయి. తనకి జ్వరమొస్తే నేను ఉండిపోలేదు ఒకసారి, ఆ రోజు ముగ్గురి పళ్ళు ఇవ్వాలి. వచ్చేసరికి తనే దుప్పటి కప్పుకుని గంజి కాచుకుంటున్నాడు. ఏమీ అనలేదు. అననందుకే రెండ్రోజులు మొహం చూడలేకపోయాను. బట్టలు ఎవరు ఆరేయాలని కొట్టుకుంటాం. ఆ తడిబట్టలు బకెట్లో కంపు కొట్టేదాకా పంతానికి పోయాం ఒకసారి. ఆ కంపుకి మాత్రం ఇద్దరం బాధ్యులమే.

ఇంకోటి చెప్తాను, మీకు నచ్చుతుందేమో. మొన్నామధ్య ఇంటికొస్తూ, మెట్లెక్కుతూ... నేనూ కూర్చున్నాను. అదే మెట్టు మీద. రోజంతా అందరి నోళ్ళూ చూసీ చూసీ, ఇంకో నోరు మాట్లాడితే వినే ఓపిక లేక. లోపల తను గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినబడుతోంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆ రోజు మెట్ల మీద కూర్చున్నవాడికి నా మీద ప్రేమ లేక కాదు. ఊపిరి లేక. అంతే తేడా. నేను ఇంట్లో ఉండుంటే ఆ ముక్క నాకు జన్మలో తెలిసేది కాదు. తను తలుపు తీసి, నన్ను చూసి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చున్నాడు. "ఇవాళ ఎవరి పళ్ళు?" అన్నాడు కాసేపయ్యాక.

రోజూ అడుగుతాడు తెలుసా? ఇవాళ ఎవరి పళ్ళు, ఏమన్నారు, కరిచారా అని. ఒకప్పుడు నేను తనని పీకినట్టు ఇప్పుడు తను నన్ను పీకుతాడు. నాకు బాగుంటుంది.

నా ఉద్యోగం మీ అబ్బాయి సంసారం పాడు చేస్తోందంటారు మీరు. పాడు చేసేదేంటో చెప్పనా? ఆ పేపరు. ఆ ముందురోజు పేపరు! మీ ముందు చదివే దొంగ పేపరు. మీరొచ్చి వారమైంది, ఈ వారం మేం ఒక్కసారి నవ్వుకోలేదు. తను వంటింట్లోకి రాడు, నేను వంటింట్లోంచి రాను. ఒకే ఇంట్లో చుట్టాల్లా తిరుగుతున్నాం.

నిన్న పొద్దున తనే అన్నాడు నాతో, చిన్నగా, మీకు వినబడకుండా. "మళ్ళీ మొదలుపెట్టావు" అని. ఏంటని అడిగితే దవడ చూపించాడు.

మంచినీళ్ళకి లేచినప్పుడు మీ గదిలోంచీ వినబడింది నాకు. పటపటా, రాయి మీద రాయి రాసినట్టు. గోడకి అటు మీరు, ఇటు నేను. మధ్యలో మీ అబ్బాయి, సరేలే సరేలే అంటూ, హాయిగా నిద్ర.

నొప్పా? చెయ్యెత్తారేంటి?

కాదా?

మరి... నా ఏప్రాన్ పట్టుకున్నారెందుకు?

సరే. పట్టుకోండి. ఏం ఫరవాలేదు. కళ్ళు నేను తుడుస్తాను, మీరు కదలకండి. ఈ ముద్ద పెడితే చాలామందికి కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. మామూలే ఇక్కడ.

నేను మిమ్మల్ని ఏడిపించడానికి చెప్పలేదండీ ఇదంతా. అలాగని క్షమించమనీ అడగను. పళ్ళు బిగబట్టి బతికామన్నారు కదా. బతికారు, కాదనను. ఏం మిగిలిందో ఈ అచ్చులో ఉంది. నాకు పళ్ళు కావాలి అత్తయ్యా. నా వయసింకా చాలా ఉంది, నమలాల్సినవి చాలా ఉన్నాయి.

ఇదిగో, తీసేస్తున్నాను. ఆఁ... వచ్చింది. పుక్కిలించండి. మళ్ళీ ఒకసారి. తువ్వాలు ఇదిగో.

ఇప్పుడు మీ నోరు ఖాళీ. మాట్లాడండి.

అనండి, ఏమనాలంటే అది. నేను వింటాను. కానీ ఆ తలుపు తీసేలోపు అనండి. తీశాక డాక్టరమ్మకి నా జవాబు చెప్పేస్తాను. చేస్తాను అని. మీ అబ్బాయికి సిగ్నల్ వచ్చేదాకా ఆగలేను. వచ్చినా "నీ ఇష్టం" అంటాడు, అది ఇందాకే అన్నాడుగా. నా ఇష్టం ఇదే.

సాయంత్రం వంట తనే చేస్తాడు. మీరు చూస్తుండగా. తువ్వాలు కట్టుకుని. చెయ్యనంటే ముగ్గురం బ్రెడ్డు తిందాం, మీకూ మెత్తగా ఉంటుంది.

ఏంటి, ఏమీ అనరా?

మీరు ఊరుకుంటే నాకు భయమేస్తుంది, తెలుసా? తిట్టినా బాగుండేది.

సరే, మీ ఇష్టం. పళ్ళు కట్టాక, నిద్రలో కొరక్కుండా రాత్రి పెట్టుకోవడానికి ఒక తొడుగు చేసిస్తాను. మెత్తగా ఉంటుంది, పెట్టుకున్నట్టే తెలీదు. కొత్త గదిలో నా మొదటి పని మీదే. నాక్కూడా ఒకటి చేసుకుంటాను, మీరు ఎన్నాళ్ళుంటారో తెలీదు కదా.

నెమ్మదిగా దిగండి, కళ్ళు తిరుగుతాయేమో. చెప్పులు అటున్నాయి.

ఇంకొక్క మాట. ఆ పై అచ్చులో బుడగ లేదు అత్తయ్యా. మొదటిసారే చక్కగా వచ్చింది. నా మాటలే ఇంకా మిగిలిపోయాయి, అందుకని మళ్ళీ పెట్టాను.

ఏం చెయ్యను మరి? మీ నోరు ఖాళీగా ఉంటే నా వంతు ఎప్పుడొచ్చింది గనక?